రెండు సీట్ల కారుకి బ్రేకులు బిగించిన ఆదివారం

ఆటోనగర్‌లో లారీ బ్రేకుల పని చేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే అని చెప్పుకోవడం నాకిష్టం. నిజంగా ఒక్కదాన్నేనా అని ఎవరూ ఆరా తీయలేదు, నేనూ తీయనివ్వలేదు. అరిగిన లైనరు పీకేసి, బ్రేకు షూ మీద కొత్త లైనరు పెట్టి, రివిట్లు కొట్టడం నా పని. ఆ షూలు తీసుకెళ్ళి చక్రంలో బిగించడం మా ఆయన పని. పెళ్ళయిన కొత్తలో ఊరికే కూర్చోలేక సుత్తి పట్టుకున్నాను. తొంభైల చివరికి వచ్చేసరికి మా షెడ్ల వరసకి వచ్చే డ్రైవర్లు "అక్క కొట్టిన లైనరే కావాలి" అని అడిగి మరీ వేయించుకునేవాళ్ళు. నాకు పొగరని అనేవాళ్ళూ ఉన్నారు. ఉంది మరి. పని వచ్చినవాళ్ళకి ఆ మాత్రం ఉండొద్దా?

ఆ కారు వచ్చేనాటికి మాత్రం మా షెడ్డు మూతపడే స్థితికి వచ్చింది. పని లేక కాదు, మా ఆయనకి తన చేతి మీద నమ్మకం పోయి. అంతకు రెండేళ్ళ ముందు మేము బ్రేకులు చేసి పంపిన ఒక చేపల లారీ మూడో రోజున చల్లపల్లి వైపు నుంచి వస్తూ కరకట్ట మీంచి కిందికి దొర్లింది. డ్రైవరు కాలు విరిగింది. బండిని చూడ్డానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందు టైరు పేలిందని రాశాడు. డ్రైవరూ అదే చెప్పాడు. మా ఆయన మాత్రం నమ్మలేదు. ఆ రోజు నుంచి ఏ చక్రం బిగించినా మళ్ళీ విప్పి చూడ్డమే. గంటలో అయ్యే పని పూటంతా పట్టేది. లారీవాళ్ళు ఎంతసేపని కాచుకుంటారు? పక్క షెడ్డుకి పోయారు. చివరికి ఆయన బ్రేకులు ముట్టుకోవడమే మానేసి, గ్రీజు పెట్టే పని మాత్రం చేస్తూ, "ఈ నెలాఖరుకి షెడ్డు ఎవరికైనా ఇచ్చేద్దామే. నేను ఎక్కడన్నా వాచ్‌మన్‌గా చేరిపోతా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళు బ్రేకులు పట్టిన మనిషి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడట! "బ్రేకు తప్పు కాదని చెప్తున్నానా లేదా" అని ఆ రెండేళ్ళలో ఎన్నిసార్లు అరిచి ఉంటానో ప్రభువుకే తెలియాలి.

అలాంటి రోజుల్లో, రెండు వేల ఏడో ఎనిమిదో, ఒక గురువారం పొద్దున మా వరసలోకి ఎర్రటి కారొకటి వచ్చింది. వచ్చింది అనేకంటే పాకింది అనాలి. నా నడుం ఎత్తు కూడా లేదు. మా వీధి గోతుల్లో పొట్ట రాసుకోకుండా మెలికలు తిరుగుతూ, లోపలినుంచి గర్రు గర్రుమని గీకుడు చప్పుడు చేస్తూ వచ్చి మా షెడ్డు ముందు ఆగింది. చుట్టుపక్కలవాళ్ళంతా పని ఆపి లేచి నిలబడ్డారు. రెండే తలుపులు, రెండే సీట్లు. అందులోంచి దిగింది చేపల అన్నయ్యగారు.

ఆయన సముద్రపొడ్డు ఊరి మనిషి. వాళ్ళమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది. ఆయన సైకిలు మీద మొదలుపెట్టి లారీల దాకా వచ్చాడు. ఆ లారీలన్నిటికీ బ్రేకులు మేమే చేసేవాళ్ళం. కరకట్ట దిగిన లారీ కూడా ఆయనదే. ఆ తర్వాత ఆయన మా మీద ఒక్క మాట తూలలేదు. మా ఆయనే మొహం చూపించలేక, వేరే షెడ్డు చూసుకోమని ఆయన లారీల్ని పంపించేశాడు.

"ఏం చెల్లెమ్మా, కులాసానా? ముందు చక్రాల్లో ఈ గీకుడేందో చూడండి. హైదరాబాదు షోరూముకి ఫోన్ చేస్తే, కారుని లారీ ఎక్కించి పంపమంటన్నారు. సామాను పైదేశం నించి రావాలంట, నెలరోజులు పట్టుద్దంట. మన మేస్త్రి ఉండగా నాకా ఖర్మేంటి?" అన్నాడు.

ఆ మేస్త్రి, అదే మా ఆయన, అప్పటికే షెడ్డు వెనక్కి జారుకున్నాడు. "చేస్తామండీ, వదిలేసి వెళ్ళండన్నయ్యగారూ" అన్నాను. మా ఆయన్ని అడగలేదు. అడిగితే కాదంటాడు.

మా లారీ జాకీ ఆ కారు కింద దూరలేదు. రెండు చెక్కలు వేసి కారుని వాటి మీదకి ఎక్కించి, అప్పుడు జాకీ పెట్టాను. చక్రం ఊడదీసి చూస్తే ప్యాడ్లన్నీ అరిగిపోయి, ఉత్త ఇనప ప్లేట్లు డిస్కుని గీకుతున్నాయి.

"లోపల ఎర్ర లైటు వెలగలేదా అండీ?"

"వెలిగిందమ్మా, రెణ్ణెల్ల కిందట. మా డ్రైవరు రోడ్డు పక్కన వైరింగు చేసేవాడెవడికో చూపించి ఆర్పించాడు."

ప్యాడులో సన్న వైరు ఒకటి ఉంది. ప్యాడు అరిగితే ఆ వైరు తెగి లైటు వెలుగుతుంది. ఆ మహానుభావుడు తెగిన కొసలు రెండూ కలిపి మెలేసి, టేపు చుట్టాడు. లైటు ఆరింది, వీళ్ళు నిశ్చింతగా తిరిగారు. అన్నయ్యగారు కాబట్టి నోరు కట్టేసుకున్నాను గానీ, ఆ డ్రైవరు దొరికితే దులిపేసేదాన్ని.

"ప్యాడంటే ఏముంది, ప్లేటు మీద లైనరేగా! మన లారీ లైనరు కోసి నేనే అతికిస్తా" అన్నాను అన్నయ్యగారు వెళ్ళాక.

"కుదరదు" అని వెనకనుంచి వినిపించింది. మా ఆయన గ్రీజు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఆ కారు పరిగెత్తే స్పీడుకి, ఆ వేడికి, నీ బంక ఊడొచ్చుద్ది." ఆ మాట అని మళ్ళీ వెళ్ళిపోయాడు. నేను పైకి రుసరుసలాడాను గానీ లోపల సంతోషం వేసింది. బ్రేకుల గురించి ఆయన నోరు విప్పి ఎన్నాళ్ళయిందో.

శుక్రవారం పాత ప్యాడుని న్యూస్‌పేపర్లో చుట్టుకుని సామాన్ల కొట్లన్నీ తిరిగాను. మా లైనులో నంబర్లు ఎవరూ చూడరు. ముక్క చూపిస్తే దానికి సరిపోయే ముక్క ఇస్తారు, ఇన్నేళ్ళూ అలాగే నడిచింది. "ఏంటక్కా, ఎర్ర కారు కొన్నావంట?" అని ఏడిపించినవాళ్ళే తప్ప ముక్క ఇచ్చినవాడు లేడు. ఎనిమిదో కొట్టులో దొరికింది. పాతదాని మీద కొత్తది పెట్టి చూస్తే అచ్చు గుద్దినట్టు ఉంది. ఊరేగింపుగా షెడ్డుకి తెచ్చాను. తీరా లోపల పెడితే పిన్ను దూరే చిల్లు నూలువాసి పక్కకి ఉంది.

"రౌండు ఫైలుతో చిల్లు రాసి పెద్దది చేసెయ్యక్కా, పట్టేసుద్ది" అన్నారు పక్క షెడ్డువాళ్ళు. మా ఆటోనగర్‌లో పట్టని వస్తువుండదు, రాయడమే ఆలస్యం. నేను ఫైలు అందుకున్నాను కూడా. మా ఆయన వచ్చి నా చేతిలోంచి ఫైలు లాక్కున్నాడు. "చిల్లు వదులైతే తొక్కినప్పుడల్లా ప్యాడు కొట్టుకుంటది. ఒక రోజున పిన్నే తెగుద్ది" అన్నాడు. తర్వాత పాత ప్లేటుని కిరోసిన్లో ముంచి, వైరు బ్రష్షుతో రుద్దాడు. రెండేళ్ళుగా వంచిన తల ఎత్తకుండా గ్రీజు పూసిన మనిషి, ఆ ప్లేటుని వెలుతురులోకి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. మసి కింద ప్లేటులో చెక్కిన నంబరు బయటపడింది.

"పో, ఈ నంబరు చెప్పి అడుగు" అన్నాడు. పాతికేళ్ళలో మా షెడ్డు నుంచి నంబరు రాసుకుని కొట్టుకి వెళ్ళడం అదే మొదలు. కొట్టాయన మద్రాసుకి ఫోన్ చేశాడు. అక్కడ ఉన్నాయి. లైటు వైర్లతో సహా పార్శిలు ఆదివారం పొద్దున ట్రావెల్స్ బస్సులో దిగింది.

ఆదివారం ఆటోనగర్‌కి సెలవు. నేను చర్చికి వెళ్ళే చీరె కట్టుకుని, ప్రార్థన ఎగ్గొట్టి, షెడ్డుకి వెళ్ళాను. అరిచేవాళ్ళు, సలహాలిచ్చేవాళ్ళు ఎవరూ లేని రోజైతే మా ఆయన చెయ్యి పెడతాడని నా ఎత్తు. పెట్టాడు. పిన్నులు తట్టి తీశాడు. పిస్టన్లను చెక్క ముక్కతో మెల్లగా వెనక్కి నెట్టాడు. పైన డబ్బాలోంచి బ్రేకు ఆయిలు పొంగి ఎర్ర రంగు మీద పడితే రంగు లేచిపోతుందని నేను గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. కొత్త ప్యాడు జానెడు పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు మెత్తగా వెళ్ళి కూర్చుంది. పిన్ను ఒక్క దెబ్బకి దూరింది. వైరు తగిలించాడు, చక్రం ఎక్కించాడు.

తర్వాత, అనుకున్నట్టే, మళ్ళీ విప్పాడు. చూశాడు, బిగించాడు. రెండో చక్రం దగ్గరా అంతే. మూడోసారి స్పానరు కోసం వెతుక్కుంటుంటే అది దొరకలేదు. దాన్ని స్టూలు మీద పెట్టి, నేను దాని మీద కూర్చున్నాను.

"లేవవే."

"లేవను. కావాలంటే నన్ను ఎత్తి పక్కన పెట్టుకోండి."

అంతలో అన్నయ్యగారు ఆటో దిగాడు. మా ఇద్దరి వాలకం చూసి అంతా అర్థమైనట్టుంది. కారు తాళం తీసి మా ఆయన చేతిలో పెట్టి, "మేస్త్రీ, ట్రయలు నువ్వే చూడు. ఉన్నయ్యి రెండు సీట్లు. చెల్లెమ్మని ఎక్కించుకో. నేనిక్కడ కూచుని టీ తాగుతా" అన్నాడు. మా ఆయన ఇంకా తాళం వైపే చూస్తున్నాడు. నేను మాత్రం అప్పటికే తలుపు తీసుకుని కూర్చున్నాను. కూర్చోవడం కాదు, గోతిలోకి దిగినట్టే ఉంది.

మా ఆయన బండి కదపకుండానే ముందు పెడలు నాలుగుసార్లు తొక్కాడు. ప్యాడ్లు డిస్కుకి అంటుకుని పెడలు గట్టిపడ్డాక, మెల్లగా బందరు రోడ్డు ఎక్కించాడు. కంకిపాడు వైపు రోడ్డు ఖాళీగా ఉంది. కొత్త ప్యాడుని మొదట్లోనే గట్టిగా తొక్కకూడదు, కొంచెం కొంచెంగా మచ్చిక చేసుకోవాలి. ఆయన స్పీడు పెంచడం, సగానికి తగ్గించడం, మళ్ళీ పెంచడం. నేను కిటికీలోంచి రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళందరికీ రాణిలాగా కనపడుతున్నానని మురిసిపోతున్నాను. పదిసార్లు అయ్యాక ఆయన కారుని రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

"నీ కాలుకేమైంది?" అన్నాడు.

చూసుకున్నాను. నా కుడికాలు నేలని అదిమి తొక్కుతోంది. అక్కడ పెడలు లేదు, ఏమీ లేదు. అన్నిసార్లూ ఆయనతో పాటు నేనూ తొక్కుతూనే ఉన్నానన్నమాట. పిక్క బిగుసుకుపోయింది.

"నా పని మీద నమ్మకం లేదా?" అన్నాడు చిన్నగా.

"మీ పని కాదు" అన్నాను. "ఆ లారీకి లైనర్లు కొట్టింది నేను."

రెండేళ్ళలో ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు. బ్రేకు తప్పు కాదని అంతలా అరిచింది ఆయన కోసమే అనుకున్నాను. కాదు. బ్రేకు తప్పయితే ముందు తప్పు తేలాల్సింది నా రివిట్లదే. ఇన్‌స్పెక్టరు అడగలేదు, అన్నయ్యగారు అడగలేదు, నేను నన్ను అడగనివ్వలేదు. భయంతో అరిచాను. అది తెలిసి, ఆ రోడ్డు పక్కన, ఆ ఎర్ర కార్లో కూర్చుని ఏడ్చాను.

ఆయన నావైపు విచిత్రంగా చూశాడు. "లారీని పైకి లాగాక చక్రాలు విప్పింది నేనేగా. ముందు చూసింది నీ రివిట్లే. ఒక్కటి కదల్లేదే. లైనరు ఎక్కడా చిట్లలేదు."

"మరి రెండేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"నీకు అనుమానం ఉందని నాకేం తెలుసు? ఎప్పుడు చూసినా నామీద అరుస్తానే ఉన్నావు."

"మరి మీరు బిగించిందో?"

"అదీ చూశా. బాగానే ఉంది."

"బాగుంటే మరేంటండీ మీ బాధ?"

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టాడు. "చూసింది నేనేగా. నా కన్ను మీద నాకే నమ్మకం పోయింది" అన్నాడు.

"నా రివిట్లు కదల్లేదని చూసింది ఏ కన్నండీ?" అన్నాను కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "అవతలవాళ్ళది చూసేటప్పుడు పనిచేసి, మీది చూసేటప్పుడు చెడిపోయే కన్నుంటుందా ఎక్కడన్నా?"

ఆయన తల వంచుకుని, ఆ పెడలు వైపే చాలాసేపు చూశాడు. నేనూ తొందరపెట్టలేదు, నా జన్మలో మొదటిసారి. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, అద్దంలో వెనక్కి చూసుకుంటూ, "అన్నయ్యగారి లారీలు రేపటినుంచి మన దగ్గరికే పంపమను. పొద్దున్నే లైనర్లు కొట్టి ఉంచు" అన్నాడు.

కారు రోడ్డెక్కింది. ఈసారి ఆయన ఆగి ఆగి తొక్కలేదు, వేగం పెంచుకుంటూ పోయాడు. చేలు, కొబ్బరి చెట్లు వెనక్కి పరిగెత్తుతున్నాయి. ముందూ వెనకా బళ్ళు లేవని చూసుకుని, "గట్టిగా తొక్కుతున్నా, పట్టుకో" అన్నాడు. నేను ఏమీ పట్టుకోలేదు. చెప్పులు విడిచి, కాళ్ళు రెండూ సీటు మీదకి లాక్కుని, మఠం వేసుకుని కూర్చుని, "తొక్కండి" అన్నాను.