మూడు మాటల చోటు

మా చిన్నమ్మాయి భర్త స్వీడన్ దేశస్థుడు. 2005లో మందుల కంపెనీ ఉద్యోగానికి అమెరికాలోని క్యారీ అనే ఊరికి వచ్చాడు. అంతకు నాలుగేళ్ళ ముందే చిన్ననాటి స్నేహితుడితో కలిసి స్వీడిష్‌లో ర్యాప్ పాడడం మొదలుపెట్టాడు. 2015 దాకా పాడారు. స్నేహితుడు స్వీడన్‌లోనే ఉండిపోయాడు. రాసింది ఒకరికొకరు మెయిల్‌లో పంపుకుంటూ, సెలవుల్లో కలిసి పాడుతూ 2011 నాటికి నాలుగు ఆల్బమ్‌లు చేశారు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కల టీచర్‌గా చేశాను. అమ్మాయి వాళ్ళ దగ్గర ఉండడానికి వచ్చాక ఆ పాటలు వినక తప్పలేదు. భాష తెలియకపోయినా లెక్క తెలిసింది. ప్రతి పాదంలోనూ చివరి మూడు మాటలు స్నేహితుడివే.

"ఒక్క వాక్యానికి ఇద్దరెందుకు బాబూ?" అని అడిగాను.

"ఒక్కడి ఊపిరి చాలదమ్మా. చాలకుండా ఉండేలాగే రాస్తాం," అన్నాడు. అందులో 'అమ్మా' ఒక్కటే తెలుగు.

2012లో స్నేహితుడికి గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మరుసటి ఏడు మినియాపోలిస్‌లో పాడడానికి ఇద్దరూ అప్పటికే ఒప్పుకుని ఉన్నారు. అల్లుడు ఒంటరిగా పాడగలడా, లేక జంట ముగిసిపోయినట్టేనా అన్నది ఇక అక్కడే తేలాలి.

గరాజ్‌లో సాధన చేశాడు. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాను. స్నేహితుడి మాటలు కూడా తనే పాడితే నాలుగో పాదానికే ఆయాసం. తొమ్మిదిసార్లు ప్రయత్నించాడు. ఆరో పాదం ఒక్కసారీ దాటలేదు.

"చివరి మూడు మాటలూ తీసేసి తర్వాతి పాదం అందుకో. సరిపోతుంది," అన్నాను.

"అవి నావి కావమ్మా, తీసెయ్యడానికి."

"అమ్మా, ఇది నీ క్లాసు కాదు," అంది అమ్మాయి తలుపు దగ్గర నించుని. నా లెక్కలో తప్పు లేదు. కానీ తీసెయ్యమని నేను అనకుండా ఉండాల్సింది.

నిర్వాహకులు పాత రికార్డులోంచి స్నేహితుడి గొంతు వేద్దామన్నారు. అల్లుడు ఆ సంగతి అతనికి రాశాడు. జవాబు అమ్మాయి చదివి వినిపించింది: "రికార్డు చచ్చినవాళ్ళకి వెయ్యండి. నేను విమానం టికెట్ కొంటున్నాను."

వచ్చాడు. మినియాపోలిస్ వేదిక మీద, మెడకు స్కార్ఫ్ చుట్టుకుని అల్లుడి పక్కన, ఎప్పుడూ నించునే చోటే నించున్నాడు. అల్లుడు పాదం ఎత్తుకుని మూడు మాటల ముందు ఆగాడు. స్నేహితుడు మైకు నోటి దగ్గర పెట్టుకుని ఆ మూడు మాటలకూ పెదవులు కదిపాడు. డ్రమ్ము తప్ప శబ్దం లేదు. ఆ వ్యవధిలో అల్లుడు ఊపిరి తీసుకుని తర్వాతి పాదం అందుకున్నాడు.

మైకు పాడైందనుకుని ఎవరో "సౌండ్! సౌండ్!" అని అరిచారు. ఐదో పాదానికి అందరికీ అర్థమైంది. అరవై నాలుగు పాదాల ఆ పాటలో అల్లుడు ఒక్కచోటా ఆయాసపడలేదు.

అన్ని పాటలూ అయ్యాక, వెనక గదిలో అల్లుడు కుర్చీలో కూలబడి ఏడ్చాడు. స్నేహితుడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసి అతని ముందు పెట్టాడు. అల్లుడు కళ్ళు తుడుచుకుని అది మాకు ఇంగ్లీషులో చదివి చెప్పాడు: "రెండో పాటలో తొందరపడి నా మాటల మీదికొచ్చావు, 2 సార్లు."

"మూడుసార్లు," అన్నాను.

స్నేహితుడు నా వైపు చూసి, 2 కొట్టేసి 3 వేశాడు. దాని కింద తర్వాత పాడాల్సిన ఊరూ, తేదీ రాసి పుస్తకం అల్లుడి చేతిలో పెట్టాడు.