తెల్లబడ్డ వాల్వు

నాలుగొందల వోల్టుల కరెంటు ఈ కుట్టుమిషన్ల మెకానిక్కును ముట్టుకుని, పొరపాటయింది బాబూ క్షమించమని వైరులోకి పారిపోయింది. కళ్లారా చూసినవాళ్లు వీధిలో కనీసం ముప్ఫైమంది ఉన్నారు. గదిలో మాత్రం నలుగురు పట్టడమే కష్టం.

వంటింటి పక్కన సామాన్ల గది అది. అందులో రెండేళ్లు కూర్చుని ఆయన సొంతంగా రేడియో ట్రాన్స్‌మిటర్ కట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్ పాత రేడియోది. రాగి తీగ చుట్టింది నీళ్ల పైపు ముక్క మీద. మోర్స్ కోడ్ చుక్కలూ గీతలూ టకటకమని కొట్టే మీట, రంపం బ్లేడుకు సొరుగు పిడి బిగించి చేసింది. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు.

మొత్తం యంత్రానికి ప్రాణం, చివర బిగించే గాజు వాల్వు. బిగిస్తుండగానే దానికి వెంట్రుకంత పగులు పడింది. లోపలికి గాలి చేరితే వాల్వు నెత్తిన ఉండే వెండిపూత పాలలా తెల్లబడుతుంది. తెల్లబడింది.

"ఏమండీ, పలికిందా?" అని భార్య గుమ్మంలోంచి అడిగింది.

"పలికింది. ఎవరో ఓడ కెప్టెనట," అని నోరు జారాడు.

సాయంత్రానికల్లా ఆ కబురు ఆవిడ అక్కచెల్లెళ్లందరికీ చేరిపోయింది. ఇక వెనక్కి తగ్గేదెలా? నెల రోజులు, రోజూ సాయంత్రం తలుపేసుకుని చచ్చిన యంత్రం మీద గంటసేపు మీట కొట్టాడు. ఈలోగా కెప్టెనుకు ఇద్దరు కూతుళ్లు పుట్టుకొచ్చారు. పెద్దదానికి పెళ్లి కూడా కుదిరింది.

అంతలో పై వాటా పెద్దావిడ ఫిర్యాదు పెట్టింది. సాయంత్రమైతే టీవీ నిండా చారలు, కింద ఆ టకటక వల్లేనని. ఓ పొద్దున వైర్‌లెస్ ఆఫీసు ఇన్‌స్పెక్టరు దిగాడు. ఫిర్యాదు నిజమని తేలితే లైసెన్సు రద్దు.

"నీ మీద నాకేం కోపం లేదబ్బాయ్," అంది పెద్దావిడ. "సీరియల్లో కోడలు ఏడుస్తుంటే మొహమంతా చారలే. ఎందుకేడుస్తోందో తెలిసి చావలేదు."

"రోజూ సాయంత్రమే నడుపుతారా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"ఓడలతో మాట్లాడతారండీ!" అంది భార్య, మొహం వెలిగిపోతుంటే.

మెకానిక్కు ఇరుకున పడ్డాడు. నిజం చెబితే లైసెన్సు దక్కుతుంది, ఇంట్లో పరువు గంగపాలవుతుంది.

"ఓడా లేదు, పాడూ లేదు సార్," అని వాల్వు పీకి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది పోయి నెలయింది."

ఆ తెల్లటి నెత్తి చూసి ఇన్‌స్పెక్టరు చావు కబురు విన్నట్టు "అయ్యయ్యో" అన్నాడు.

"మరి కెప్టెను కూతురి పెళ్లి?" అంది భార్య.

"నేనే కుదిర్చాను."

ఆవిడ ఫక్కున నవ్వింది. "ఇంకా నయం, ముహూర్తం చెప్పలేదు. మా చెల్లెలు బయల్దేరి ఉండేది."

నెల రోజులుగా గుండె మీదున్న బండ ఆ నవ్వుతో దిగిపోయింది.

మరి చారలెక్కడివి? ఇన్‌స్పెక్టరు చేతిలో చిన్న రేడియో పట్టుకుని మెకానిక్కుతో పాటు మేడెక్కాడు. టీవీ పక్కనే పెద్దావిడ కోడలి కుట్టుమిషన్ ఉంది, మోటారుతో నడిచేది. ఆవిడ కుట్టేది సాయంత్రాలే. ఒకసారి నడపమన్నాడు. రేడియో గరగరలాడింది, తెర నిండా చారలు. ఆపమన్నాడు. రెండూ మాయం. మోటారులో కరెంటు అందించే బొగ్గుముక్కలు అరిగి నిప్పురవ్వలు రాలుతున్నాయి.

"పెద్దమ్మగారూ, అవి మార్పించమని ఏడాదిగా చెబుతున్నానా లేదా?" అన్నాడు మెకానిక్కు, గొంతు ఒక్కసారిగా లేచి.

"చెప్పావులే. మార్చి పుణ్యం కట్టుకో," అంది పెద్దావిడ.

పావుగంటలో మార్చాడు. తప్పేమీ లేదని ఇన్‌స్పెక్టరు రాసిచ్చాడు.

మూడు వారాలకు కొత్త వాల్వు వచ్చింది. బిగించి మీట నొక్కగానే వీధి దీపాలన్నీ తలొంచాయి. సముద్రానికి అవతల ఎవరో ఆనందం పట్టలేక బోరుమన్నారు. ఈ మాటే వీధిలోవాళ్లం ఆయనతో అంటే, చేతిలో స్క్రూడ్రైవరు దించకుండానే చెప్పాడు:

"ఎవరూ ఏడవలేదు. పక్క ఊళ్లో ఒకాయన, 'వినబడుతోంది, కాస్త మెల్లగా కొట్టండి' అన్నాడు. అంతే."