జేబులో మిగిలిన నట్టు

నరసరావుపేటలో ఎక్కడ పనికి చేరినా నెల తిరక్కుండానే ఇంటికొచ్చేవాణ్ణి. బట్టలకొట్టు యజమాని నేను నోరు తెరిస్తే చాలు, మీటరుకర్రతో బల్ల మీద కొట్టేవాడు. ఇరవై రోజుల్లో నా నాలుకకు తుప్పు పట్టింది. ఎరువులకొట్టులో తప్పు చేసినవాడు అటకెక్కి దాక్కోవడం ఆనవాయితీ. ఓ మధ్యాహ్నం నేనెక్కేసరికి అక్కడ గుమాస్తా ముందే ఉన్నాడు. చోటు లేక దొరికిపోయాను.

మూడోది ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు.

"ఒరేయ్, ఇదీ పోయిందంటే పత్తిచేలో మందు కొట్టాల్సిందే. డబ్బా కడిగిపెట్టా," అన్నాడు మా నాన్న. ఆ డబ్బా వీపునేసుకుంటే వినుకొండ కొండను మోసినట్టే.

షెడ్డు యజమానిని అందరూ భాయ్ అనేవారు. ఆయన మీసం ఒక కొస మాచర్లను, రెండోది గుంటూరును చూపించేది. మొదటిరోజే ముప్పాళ్ళ రైతుదో ఇంజను నాకప్పగించాడు. విప్పాను, కడిగాను, బిగించాను. చూస్తే ఒక నట్టు మిగిలింది. రేగిపండంత ఉంటుందేమో, నాకు మాత్రం కొబ్బరికాయంత కనిపించింది. జేబులో వేసుకుంటే ప్యాంటు ఒకవైపుకు ఒరిగింది. అటక కోసం వెతికాను. రేకుల షెడ్డుకి అటకెక్కడిది!

నాలుగింటికి టీ వచ్చింది. అందరం చుట్టూ కూర్చున్నాం.

"పొద్దున రింగు తిరగేసి వేశా. గంట పని దండగ," అన్నాడు భాయ్. అందరూ పగలబడి నవ్వారు. వెల్డింగు చేసే అతను చొక్కా కాల్చుకున్న వైనం చెప్పాడు.

"నేనేం తప్పు చేయలా," అన్నాడు లేతు మీద పనిచేసే పెద్దాయన.

"అబద్ధమాడావ్ చాచా, గ్లాసులు నువ్వే కడుగు," అని భాయ్ నావైపు తిరిగాడు. "ఏంది కొత్త సారూ, నువ్వేం చేశావ్?"

కళ్లముందు మందుడబ్బా. సాయంత్రానికి రైతు వచ్చేస్తాడు. నట్టు తీసి బల్ల మీద పెట్టాను. ఆ చప్పుడు నాకు ఎత్తిపోతల జలపాతం దూకినంత వినిపించింది.

భాయ్ నట్టును వెలుగులో తిప్పి చూశాడు. "ఒకటేనా? నేను తొలిరోజు మూడు మిగిల్చా. నవ్వింది చాలు, లేవండి, ఆయనొచ్చేలోపు విప్పాల."

నలుగురం కలిసి విప్పాం. అది లోపలి రాడ్డు నట్టు. అలాగే తిప్పితే ఇంజను ముక్కలయ్యేది.

ఇంటికెళ్లేసరికి నాన్న గుమ్మంలో డబ్బాతో సిద్ధం.

"పోయిందా?"

"లేదు, రేపు పెందలాడే రమ్మన్నాడు."

"ఏం పొడిచావని?"

"తప్పు చేసి చెప్పా."

నాన్న డబ్బా కింద పెట్టాడు. "అట్టయితే నన్నూ చేర్చుకుంటాడేమో అడగరా. నా పెద్ద తప్పు ఎట్టాగూ అక్కడే పని చేస్తందిగా."