ఫ్రెంచిలో తొంభై ఎనిమిది

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజీగా నేను ఫ్రెంచి తీసుకున్నది ఆ భాష మీద ప్రేమతో కాదు, మార్కుల మీద ప్రేమతో. పాత ప్రశ్నపత్రాలు బట్టీ పట్టాను, నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. పరీక్ష హాలు గుమ్మం దాటేసరికి ఫ్రెంచి నన్ను వదిలేసింది. మా నాన్నను మాత్రం పట్టుకుంది.

నాన్న హార్బర్ దగ్గర కొట్టు పెట్టుకుని ఓడలకు కూరగాయలు, సరుకులు సప్లై చేస్తాడు. మా పిల్లకి ఫ్రెంచి కొట్టిన పిండి అని ఆయన చెప్పని మనిషి పోర్టులో లేడు. కర్మ కాలి మొన్న వానాకాలంలో, ఫ్రెంచి తప్ప మరో ముక్క రాని వంటవాడున్న ఓడొకటి వచ్చింది. పక్క కొట్టాయన కూడా ఆ ఆర్డరు మీద కన్నేశాడు. నాన్న నన్ను ఆ రోజు కాలేజీ మాన్పించి కొట్లో నిలబెట్టాడు. ఫోను తీయబోతే కళ్లెర్రజేశాడు. ఫోను చూసి చెప్పేదానికి కూతురెందుకని జనం నవ్వుతారట.

వంటవాడు రాగానే నాన్న ఒక ఉల్లిపాయ ఎత్తి పట్టుకుని, "ఆనియన్. ఫ్రెంచిలో సెప్పమ్మా" అన్నాడు.

నా బుర్రలో మిగిలింది పరీక్షలో రాసిన వ్యాసం ఒక్కటే. మా ఊళ్లో పెద్ద నది ఉంది అని ఫ్రెంచిలో చెప్పాను, మొహం బిగించి. నాన్న బకెట్ చూపిస్తే మా చెల్లి చాలా అందగత్తె అన్నాను. చీపురుకి ఆదివారం మేము పార్కుకి వెళ్తాము అన్నాను. అతను నన్నూ చీపురునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఎంతో గంభీరంగా, ఏదో వివరిస్తున్నట్టు, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చదివాడు. అంకెలు నాకొచ్చు కాబట్టి దొరికిపోయానని తెలిసింది. నేనూ పెద్దమనిషిలా తలూపాను. అతను కావలసినవన్నీ వేలితో చూపించి, ఆర్డరు నాన్నకే ఇచ్చి వెళ్లాడు. నాన్న మొహం వెలిగిపోయింది. నాకు ముందు నవ్వొచ్చింది, దాని వెనకే సిగ్గేసింది.

సాయంత్రం ఆయన నోటుబుక్కు తీసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఆనియన్, సోప్, బకెట్, అన్నిటికీ ఫ్రెంచి మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుంటాడట, ఇంకోసారి నా కాలేజీ మాన్పించక్కర్లేకుండా. నేను మాటమాటకీ నీళ్లు తాగే వంకతో వంటింట్లోకి వెళ్లి, ఫోను చూసి వచ్చాను. ఐదు గ్లాసులయ్యాయి. ఆరోసారి లేవబోతుంటే ఆయన రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే అన్నాడు:

"ఫోను ఇక్కడికే తెచ్చేసుకోమ్మా. నాకూ రాదు, నీకూ రాదు. ఇద్దరం కలిసి నేర్సుకుందాం."