బ్యాటరీ లేని కెమెరా

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. లేకపోవడమే కాదు, వాటిని వదిలించడం నా పనిలో ఒక భాగం. హిందూపురంలో ఇరవై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి ఫోటోలో తెల్లటి ఆకారం పడిందని, పోయిన మామ కనిపిస్తున్నాడని ఏడాదికి ఒకరిద్దరైనా వస్తారు. లెన్సు మీద చెమ్మ, ఫ్లాష్ వెలుగులో దుమ్ము, అంతే. రెండు నిమిషాల్లో తేల్చేసి, టీ తాగించి పంపిస్తాను.

అలాంటి నా దగ్గరే ఇప్పుడు ఒక ఫోటో ఉంది. దాన్ని తేల్చడం నా వల్ల కావడం లేదు.

నాగరాజు నా స్నేహితుడు. ఊరు పెనుకొండ, పని హిందూపురంలోనే ఒక పట్టుచీరల అంగడిలో. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే. ఆదివారం వస్తే కొండ ఎక్కాల్సిందే, నన్నూ లాక్కుపోవాల్సిందే. నా పొట్ట చూసి నవ్వేవాడు. నన్ను ముందు నడవమని, తను పది అడుగుల వెనక కెమెరాతో వచ్చేవాడు.

"ముందర మనిషి లేకుంటే కొండ ఎంత పెద్దదో ఫోటోలో యాడ తెలుస్తాదప్పా?" అనేవాడు.

ఫోటోలు బాగానే తీసేవాడు. ఒక్కటే జబ్బు. పైన ఆకాశం బోలెడంత వదిలేసి, మనిషిని కింద మూలకు తోసేసేవాడు. ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. కెమెరాను మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు, నన్ను కూడా.

మొన్న వేసవిలో అంగడిలో చీర మడత పెడుతూనే కూలబడిపోయాడు. గుండెపోటు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

పదకొండో రోజు పెట్టే దినాలకు ఫోటో కావాలని వాళ్లమ్మ నన్నే అడిగింది. పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసివ్వడం నాకు రోజూ ఉండే పనే. చిరిగిపోయిన ఫోటో తెచ్చినా కోటు తొడిగి మరీ ఇస్తాను. నాగరాజుది వెతికితే ఒక్కటీ లేదు. వాడి ఫోన్ నిండా బండలు, కెమెరా నిండా నా వీపు. వారానికి నాలుగు రోజులు నా స్టూడియోలో లైట్ల కింద కూర్చుని టీ తాగినవాడిని నేను ఒక్కసారైనా తియ్యలేదు. తీస్తానంటే, నా మొగం యాడికి పోతాదిలే అనేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి. చివరికి ఆధార్ కార్డు ఫోటోనే గతి అయింది. అందులో దొంగలా ఉన్నాడు.

"ఊర్లో అందరి బొమ్మలూ తీస్తావు. నా కొడుకుది ఒక్కటి లేదా బాషా?" అంది ఆమె. కోపంగా కూడా అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకోసారి చూడమని కెమెరా నా చేతిలో పెట్టింది. మెమరీ కార్డులోవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక్కొక్కటే చూశాను. లేదు. అలవాటు కొద్దీ కార్డు ఖాళీ చేసి మళ్లీ కెమెరాలో పెట్టాను.

తొమ్మిదో రోజు ఆదివారం. ఇంట్లో కాలు నిలవలేదు. ముందు రోజే దర్జీ ఇచ్చిన నీలం గళ్ల చొక్కా వేసుకుని, వాడి కెమెరా మెడలో తగిలించుకుని, పొద్దున్నే పెనుకొండ బస్సెక్కాను. కొండ సగం ఎక్కాక ఒక ఫోటో తీద్దామంటే కెమెరా ఆన్ కాలేదు. బ్యాటరీ స్టూడియోలో ఛార్జింగ్‌లోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్ల అనుభవం ఏట్లో కలిసిందని నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత ఒక బండ మీద కూర్చుని ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. దారిలో ఏ అడుగుల చప్పుడూ వినపడలేదు, ఒళ్లు జలదరించనూ లేదు. మేకలు తప్ప నాకెవరూ కనపడలేదు.

మధ్యాహ్నం స్టూడియోకు వచ్చి బ్యాటరీ వేశాను. ఖాళీ కార్డులో ఒక ఫోటో ఉంది.

కొండ దారి, పొద్దుటి ఎండ. కింద ఎడమ మూలన నేను, వెనక నుంచి. నీలం గళ్ల చొక్కా, మెడ మీద కెమెరా పట్టీ. పైన అంతా ఆకాశమే.

పాతదనుకుందామంటే ఆ చొక్కా అంతకు ముందు లేదు. ఎవరో వెనక నుంచి తీశారనుకుందామంటే ఆ కెమెరా నా మెడలోనే ఉంది. ఫోటోలో పడిన తేదీ ఆ రోజుదే, కానీ కెమెరాలోని గడియారాన్ని నేను లెక్కలోకి తీసుకోను. తోటి ఫోటోగ్రాఫర్లు ఇద్దరికి చూపిస్తే ఎవరో ఆటపట్టించారన్నారు. బ్యాటరీ లేకుండా ఎట్లా అని అడిగితే ఇద్దరూ కెమెరాను తిప్పి తిప్పి చూసి వెనక్కిచ్చేశారు.

దినాల రోజు ఆధార్ ఫోటోను చేతనైనంత బాగుచేసి పటం కట్టించి తీసుకుపోయాను. ఆమె దాన్ని ఒకసారి చూసి గోడకు ఆనించింది. అప్పుడు రెండో ఫోటో ఇచ్చి, అది ఎలా వచ్చిందో చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే పిచ్చి మాటల్లా వినిపించాయి. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత పటం ముందున్న దీపాన్ని జరిపి, ఈ ఫోటో ముందు పెట్టింది.

పక్కింటామె ఉలిక్కిపడింది. బతికున్న మనిషి బొమ్మకు దీపం పెడితే అరిష్టం కదా అని అడ్డం వచ్చింది.

"దీపం బాషాకు కాదులేమ్మా," అంది నాగరాజు తల్లి. "మావోడు ఎప్పుడూ యాడ నిలబడతాడో ఆడే ఉండాడు."

ఆ ఇంట్లో ఇప్పటికీ సాయంత్రమైతే నా వీపు ముందు దీపం వెలుగుతుంది. నేను వద్దనలేదు. ఆ ఫోటో ఎలా వచ్చిందని అడిగితే మాత్రం తెలియదు. ఫోటోల విషయంలో ఆ మాట అనడం నాకు అలవాటు లేదు. అయినా తెలియదు.