అవ్వ రేడియో, మంథని సారు ఫోరం

మా చిన్నప్పుడు... అంటే నాకు నలభై దాటి, మీసం నెరవడం మొదలైనప్పుడు. నవ్వకండి. ఇంటర్నెట్టులో మనిషి వయసు లెక్క వేరు. మంచిర్యాల బస్టాండు పక్కన సమ్మయ్య నెట్ సెంటర్లో మౌసు పట్టుకున్న రోజే నేనక్కడ పుట్టాను. అది బల్ల అంచుదాకా పోతే ఇక ఎటు జరపాలో తెలియక సమ్మయ్యను పిలిచాను.

"లేపి మళ్ల ఇవుతల వెట్టు కాకా. అదేమన్న ఎడ్లబండా?" అన్నాడు.

అప్పుడు ఫోరాలుండేవి. ఒక్కో పిచ్చికి ఒక్కో ఫోరం. పావురాల పిచ్చోళ్లకొకటి, పాత నాణేల పిచ్చోళ్లకొకటి... నాది పాత రేడియోల పిచ్చి. ఒకరు ప్రశ్న వేస్తే దాని కిందే అందరూ జవాబులు రాసేవారు. జవాబు ఆ సాయంత్రమే రావచ్చు, వారం తర్వాత రావచ్చు. ఎవరికీ తొందర లేదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఎదుటివాడికి అర్థమైతే సంతోషించేవాళ్లం.

మా ఫోరానికి పెద్దదిక్కు మంథని సారు. రిటైరైన లెక్కల మాస్టారు. విషయం తప్పి ఎవరు ఒక్క వాక్యం రాసినా నిర్దయగా తీసేసేవారు. నేనేమో రేడియో గురించి చెప్పాలంటే, అది కొన్న దుకాణం, ఆ దుకాణానికి పోయిన బస్సు, ఆ బస్సులో కోడిపుంజును ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ముసలాయన... ఇవన్నీ దాటితే గానీ రేడియో దాకా రాలేని మనిషిని. మా ఇద్దరికీ పడుతుందా?

ఆ ఏడు మా అవ్వ రేడియో మూగబోయింది. మా దిక్కు అవ్వంటే అమ్మ, బాపంటే నాన్న. మా బాపు కొన్న వాల్వు రేడియో. బాపు పోయాక, పొద్దున్నే నేను కిరాణా కొట్టు తీయడానికి పోతే, ఇంట్లో అవ్వతో మాట్లాడే గొంతు అదొక్కటే. మా చెల్లె ఇంటికి ఖానాపూర్ పోతూ అవ్వ గడపలో నిలబడి చెప్పింది.

"నేనొచ్చేవరకు అది పాడాలె బిడ్డా. పాడకపోతే నేను ఆడనే ఉంట. దాని ఇంట్ల టీవీయన్న మాట్లాడ్తది."

అవ్వ అన్నదంటే చేస్తుంది. ఊళ్లో రిపేరు చేసేవాణ్ని అడిగితే పాతసామాన్లలో వేయమన్నాడు. నాకిక ఫోరమే గతి.

పోస్టు పెట్టగానే మంథని సారు దిగారు. "రేడియోకు ఏమైందో చెప్పు రాజేశం. మీ బాపు పెండ్లి ముచ్చట మాకెందుకయ్యా?"

వాల్వులు చూడమన్నారు... వెలుగుతున్నాయి. స్పీకరు తీగ చూడమన్నారు... బాగుంది. ఎవరో కండెన్సరు మార్చమంటే అదీ మార్చాను. చప్పుడు లేదు. ఈలోగా ఖానాపూర్ నుంచి అవ్వ ఫోను.

"పాడుతుందారా?"

"పాడ్తదే అవ్వా, ఫికర్ జెయ్యకు."

"అంటే పాడుతలేదు." పెట్టేసింది.

ఆ దిగులుతో ఇంకో పోస్టు రాశాను. రేడియో తక్కువ, అవ్వ ఎక్కువ. దసరాకు కత్తెర, కొడవలి, సైకిలుతోపాటు రేడియోకూ అవ్వ పసుపూ కుంకుమా పెడుతుందని, ఆ రేడియోనే ఇప్పుడిలా అలిగి కూర్చుందని... సారు దాన్ని తీసేసేలోపే ఎస్తేరక్క చదివింది. నిర్మల్‌లో నర్సు. రేడియోల పిచ్చి వాళ్ల నాన్న నుంచి వచ్చింది.

"మేము చర్చికి పోయేటోళ్లం, తెల్వక అడుగుతున్న తమ్ముడూ. రేడియోకు బొట్టు ఏడ వెడ్తరు?"

"ముందట తిప్పే గుండీలకే అక్కా. జారిపోవద్దని నీళ్లల్ల తడిపి మరీ వెడ్తది."

"ఎప్పటిసంది?"

"బాపు తెచ్చినకాన్నుంచి."

"దేవా! వాల్వులను ఇడిసిపెట్టి, ఆ గుండీల ఎనుక చూడు."

విప్పి చూశాను. ఇరుసు వెంబడి లోపలికి దిగి, బ్యాండు మార్చినప్పుడు రేకులు తాకే చోట కుంకుమ ఎర్రగా గడ్డకట్టి ఉంది... దసరా మీద దసరా. దూదిని స్పిరిటులో ముంచి తుడిచాను. ప్లగ్గు పెట్టి తిప్పితే బరబర... గురగుర... ఆ తర్వాత వడ్ల ధరలు! వడ్ల ధరలు విని కళ్లనీళ్లు పెట్టుకున్న కిరాణా కొట్టువాడు జిల్లా మొత్తంలో నేనొక్కణ్నే అయి ఉంటాను.

ఏం చేస్తే బాగైందో చివర్లో రాయడం ఫోరం పద్ధతి. రాశాను. సారు నా సోది తీసేయలేదు. కింద ఒక్క ముక్క రాశారు. "ఈసారికి ఉండనియ్యి."

అవ్వ వచ్చింది, విన్నది. లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది.

"గుండీలకు వద్దే అవ్వా! పైన చెక్కకు పెట్టు!"

"చెక్కకెందుకురా? చెక్క పాడుతదా?"

ఇదీ ఫోరంలో రాస్తే, అవ్వను ఒప్పించడమెలాగో నెలంతా చర్చ నడిచింది. సారు కూడా కలుగజేసుకున్నారు, విషయం వదిలేసి!

తర్వాత చేతుల్లోకి ఫోన్లొచ్చాయి. ఒక్కొక్కరే ఫేస్‌బుక్కు గుంపులోకి పోయారు... నేనూ పోయాను. ఇప్పుడు అవ్వ లేదు. రేడియో ఉంది, గొంతు వణుకుతోంది. మొన్న గుంపులో ఫోటో పెట్టి, ఏం చేయాలని అడిగాను. బొటనవేళ్లు వచ్చాయి, పూలు వచ్చాయి. "సూపర్ అన్నా" అన్నాడొకాయన. ఇంకొకాయన ప్లాట్లు అమ్ముతున్నాడు. సాయంత్రానికి నా ప్రశ్న ఎటు కొట్టుకుపోయిందో నాకే దొరకలేదు.

పాత జవాబులన్నా చూద్దామంటే ఫోరం తెరుచుకోలేదు. మంథని సారుకు ఫోను చేశాను.

"మూసేసిన రాజేశం. రోజు పొద్దుగాల తెరిచి చూసుడు... ఎవ్వలు రారు. తీసెయ్యనీకె ఒక్క సోది పోస్టన్న వస్తదేమో అని శాన దినాలు చూసిన. నువ్వన్న రాయకపోతివి."

ఎస్తేరక్క ప్రశ్న, అవ్వ మీద మా చర్చ... అన్నీ ఆ పేజీలతోనే పోయాయి. గుర్తున్నంత వరకు ఇక్కడ రాసుకున్నాను.

మీరూ ఏదో ఒక పిచ్చితో, ఏదో ఒక ఫోరంలో పెరిగే ఉంటారు... కింద రాయండి. తీరిగ్గా, దారి తప్పి రాయండి. తీసేసేవాళ్లు ఇక్కడెవరూ లేరు... అదే కదా బాధ.