అడగకుండా నయం చేసిన కాలు

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నోయిడాలోని మా ఫ్లాట్‌లో ఒక రాజ్యం మొదలవుతుంది. డైనింగ్ టేబుల్ మీద పప్పుచారు మరకలు తుడిచి పాచికలు, పెన్సిళ్లు, కాగితాలు పరుస్తాం. కథ నడిపేది నేను. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. తమ పాత్ర ఎవరో, ఏం చేయగలదో, ఏం చేయలేదో ఎవరి కాగితం మీద వాళ్లే రాసుకుంటారు. కొండెక్కుతారా, రాక్షసుడితో బేరమాడతారా అని నేనడుగుతాను. వాళ్లు తేల్చుకుని పాచిక వేస్తారు. వారమంతా ఆఫీసులో ఇతరుల తప్పులు పట్టే ఉద్యోగం చేసేవాడికి ఇంతకంటే సుఖం ఏముంటుంది?

ఈ ఆటకు నేను గట్టిగా పెట్టిన నియమం ఒకటే. ఒకరి కాగితం మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. మా ఆవిడ ఒకసారి మా ఆఫీసు మిత్రుడి కాగితంలో కూడిక దిద్దబోతే అందరి ముందూ కసిరాను.

నా లోకం గురించి నాకు మహా గొప్ప. అందులో కారు నలుపు మహారాణి ఉంది. చూపులేని నావికుడున్నాడు. ఆడా మగా కాని పూజారులున్నారు. ఒకే ఇంట్లో కాపురముండే ఇద్దరు వర్తకురాళ్లున్నారు. "నా లోకంలో అందరికీ చోటుంది" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ నిజమేనని నమ్మేశాను.

అలా కొత్తగా వచ్చిన వాళ్లలో ఒక కరీంనగర్ అమ్మాయి ఉంది. ఢిల్లీ యూనివర్సిటీలో చదువుకుంటూ అక్కడే మునిర్కా పేటలో గది తీసుకుని ఉంటోంది. మా ఆవిడకు మెట్రోలో పరిచయం. చిన్నప్పటి నుంచీ ఎడమ కాలు పనిచెయ్యదు, ఊతకర్రతో నడుస్తుంది. మొదటి రోజే తన కాగితం మీద చకచకా రాసింది: "అడవి విలుకత్తె. ఎడమ కాలు పనిచెయ్యదు. ఊతకర్ర ఉంది. గురి తప్పదు."

ఆడటంలో గడుసుపిండం. దారిదోపిడీ దొంగ ఒకడు పారిపోతుంటే అందరూ కత్తులు వెతుక్కుంటున్నారు, ఈమె విలుకత్తె మాత్రం ఊతకర్ర వాడి కాళ్లకు అడ్డం పెట్టి బోర్లా పడేసింది. మా మిత్రుడు ఢిల్లీలోనే పుట్టి పెరిగినవాడు. "దీదీ, కమాల్ కర్ దియా!" అని హిందీలో మెచ్చుకుంటూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మూడో శనివారం మా సొసైటీ లిఫ్ట్ చెడిపోయింది. పాపం నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చింది. ముఖమంతా చెమట. చూసి నాకు జాలేసింది. అప్పటికప్పుడు కథలోకి ఒక మునీశ్వరుణ్ణి తెచ్చాను. సెలయేటి పక్కన కూర్చున్న ఆ ముని విలుకత్తె కాలిని తాకాడు. కాలు బాగైపోయింది. అంతటితో ఆగితేనా! రబ్బరు తీసుకుని ఆమె కాగితం మీది వాక్యాలు నా చేత్తో నేనే చెరిపి, "రెండు కాళ్లూ భేషుగ్గా ఉన్నాయి, వేగం రెట్టింపు" అని రాశాను. మా మిత్రుడు చప్పట్లు కొట్టాడు.

ఆ అమ్మాయి కాగితం వైపు చూసింది. "అచ్ఛా" అంది. ఆ తర్వాత ఆట అయ్యేదాకా తన వంతు వస్తే పాచిక వేసింది తప్ప నోరు విప్పలేదు. సంతోషంతో మాట రావడం లేదనుకున్నాను.

తరువాతి శనివారం పరీక్షలున్నాయని మెసేజ్ పెట్టింది. ఆ పై శనివారమూ అదే మెసేజ్. బాగా చదివే పిల్ల అని నేను మెచ్చుకుంటుంటే మా ఆవిడకు ఒళ్లు మండింది.

"కాలు బాగుచెయ్యమని ఆ పిల్ల మిమ్మల్ని అడిగిందా?"

"దీనికి అడగాలా ఏంటి?"

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీరేమో అడక్కుండానే వడ్డించేశారు. అదీ ఆ పిల్ల కాగితం మీద. నన్నయితే కూడికకే కసిరారు!"

రెండు రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. మూడో రోజుకు కోపం పోయి సిగ్గు మిగిలింది. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఆదివారం పొద్దున మునిర్కా వెళ్లాను. వాళ్ల గల్లీ చివర టీ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాం. టీ గ్లాసులు చేతికొచ్చాక తనే అంది.

"అన్నా, మీరు మంచిగనే అనుకొని చేసిన్రు, నాకెర్కే. మా ఊర్ల బస్సెక్కితే ముసలమ్మలు గూడ గిట్లనే అంటరు, ఫలానా గుడికి పో బిడ్డా, నయమైతదని. వాళ్లనేమనను. గని మీ లోకంల ఎగిరే మేకలున్నయి, మాట్లాడే కొండలున్నయి. నా అసొంటిది ఒక్కతుంటే ఏమైతుండె?"

నేను గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"ఆమె కోసమే గింత దూరం వస్తుంటి. ఇప్పుడా కాగితం మీదున్నది నేను కాదన్నా, ఎవరో."

"తప్పు చేశానమ్మా" అన్నాను. అందరికీ చోటుందని ఊరంతా చాటుకుని, వచ్చిన మనిషిని ఉన్నదున్నట్టు ఉండనివ్వలేకపోయాను. "మళ్లీ వస్తావా?" అనడిగితే "సూస్త" అంది. నేనిక బలవంతపెట్టలేదు.

ఆ శనివారం ఆ అమ్మాయి వచ్చింది. టేబుల్ చుట్టూ అందరూ ఉండగా నేను చేసిన పని తప్పని చెప్పాను. ఆమె కొత్త కాగితం తీసుకుని విలుకత్తె గురించి మొదటి రోజు రాసిన మాటలే మళ్లీ రాసుకుంది. ఆ ఘట్టం మొదటి నుంచీ ఆడదామన్నాను. సెలయేరు, పక్కన మునీశ్వరుడు. ఈసారి ఆయన చెయ్యి చాపలేదు.

"తల్లీ, నీకేం కావాలి?" అని అడిగాను ముని గొంతుతో.

ఆమె తొందరపడలేదు. మా ఆవిడ ఆమె వైపే చూస్తోంది.

"దాహమైతుంది సామీ" అంది విలుకత్తె. "జెర్ర నీళ్లియ్యి."

మునీశ్వరుడు నీళ్లిచ్చాడు.